చివరి తూముకు నీళ్లు రాని రోజులు

ఎనభైల చివర్లో నేను నరసరావుపేటలో కాలువ నీళ్ల వివరాలు చూసే ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ని. ఉన్నది ఒక్కటే యూనిక్స్ మెషీన్, దాన్ని ముట్టుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ పొగరు నాకు బాగానే ఉండేది. ఏ తూము ఏ రోజు తెరిచారో కాలువ మీద తూములు తెరిచి మూసే లస్కర్లు చీటీలు రాసి పంపేవారు. వాటిని మెషీన్‌లోకి ఎక్కించి, చించి పారేసేవాణ్ణి. కంప్యూటరుండగా ఈ చెత్త ఎందుకని నా వాదన. నా తెలివి తగలెయ్య!

దసరా అయిన వారానికి పెదకూరపాడు అవతలి నుంచి ఒక ముసలి రైతు వచ్చాడు. కాలువ చిట్టచివరి తూము వాళ్లది.

"మిరపతోట నిలువునా ఎండిపోతంది బాబూ. రెండేళ్లుగా మాకు నీళ్లు సరిగా రాలా. పై తూములోళ్లేమో వచ్చినయ్యంటన్నారు. నీ మిషన్లో ఉందంట గదా, ఆ కాగితం తీసియ్యి."

సోమవారం ఇంజినీరుగారు నీళ్ల వంతులు తేలుస్తారు. ఆ కాగితం చూపిస్తే ఈసారి మొదటి వంతు చివరి తూముకే.

"ఇదెంతసేపు తాతా, కూర్చో" అన్నాను. రిపోర్టు సగంలో ఆగిపోయింది. డిస్కులో మా వివరాలుండే భాగం నిండిపోయింది. పక్క భాగం ఖాళీగానే ఉంది, కానీ దీనికి కలపడం కుదరదు. తర్వాతి కాలంలో లాజికల్ వాల్యూములు వచ్చాయి. లోపలున్నది కదలకుండానే ఆ భాగాన్ని పెంచుకోవచ్చు. అప్పుడు మాకది లేదు. అంతా టేపు మీదికి ఎక్కించి, డిస్కు చెరిపి, పెద్ద భాగం చేసి, మళ్లీ దించుకోవాలి.

టేపు మీదికి ఎక్కింది. అది తిరిగి చదువుతుందో లేదో ఒకసారి చూసుకోవాలి. తాత ఎదురుగా కూర్చుని నా వేళ్లవైపే చూస్తున్నాడు. గొప్ప చూపించుకోవాలని తొందర నాకు. చూడకుండానే డిస్కు చెరిపేశాను.

టేపు చదవలేదు. మళ్లీ పెట్టాను, అంతే. బయటికి తీస్తే అంచున ఎర్రటి పొడి. ఆయుధపూజ నాడు మెషీన్‌తోపాటు టేపుకూ పసుపు రాసి కుంకుమ పెట్టింది నేనే. మాకున్న టేపు అదొక్కటే.

"అయిందా బాబూ?"

"మెషీన్ పాడైంది తాతా" అన్నాను.

సోమవారం ఇంజినీరుగారు అడిగితే, "రికార్డు లేదు సార్" అన్నాను. లేకపోతే ఎప్పటిలాగే పై తూముల నుంచే వంతులన్నారాయన.

పక్కనే నిలబడ్డ తాత నావైపు తిరిగాడు. "అంటే ఏంది బాబూ? మాకు నీళ్లొచ్చినట్టేనా?"

రికార్డు ఉండేది, నేనే చెరిపేశానని అక్కడ చెప్పి ఉంటే ఆయన మాటకు బలం వచ్చేది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. సిగ్గుమాలిన భయం.

వరండాలోకి వచ్చాక ఆయన తువ్వాల మూట విప్పాడు. అందులో గుప్పెడు పచ్చిమిరపకాయలున్నాయి.

"నువ్వు మాత్రం ఏం జేస్తావులే. మా కోసం చానా కష్టపడ్డావు. పచ్చగా ఉన్నయ్యి ఇయ్యే, ఇంట్లో ఇయ్యి."

తీసుకున్నాను.