పూజనాడు నేనాడిన అబద్ధం

ముప్పై ఏళ్ళకు పైగా ఒక మాట నా గొంతులో అడ్డంగా ఉండిపోయింది. రెండే రెండు ముక్కల మాట. ఆడడానికి క్షణం పట్టలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నాళ్ళు ఆగేవాణ్ణా?

నా పేరు రాయను. అతని అసలు పేరు కూడా రాయను. జోసెఫ్ అనుకోండి.

ఎనభైల చివరి మాట. బిలాస్‌పూర్‌లో ఒక రైల్వే షెడ్డులో నేను ఇంజనీరుని. ఇంజన్ల చక్రాలు అరిగిపోతే లేత్ మీద ఎక్కించి మళ్ళీ గుండ్రంగా చెక్కే పని నా కింద ఉండేది. మాది గుంటూరు వైపు. మా ఆవిడ మాత్రం బిలాస్‌పూర్‌లోనే పుట్టింది. తాతల నాడే శ్రీకాకుళం నుంచి రైల్వే పనికి వచ్చి స్థిరపడిపోయిన కుటుంబం వాళ్ళది. షెడ్డులో అప్పటికి నాకు పదకొండేళ్ళ సర్వీసు. ఆ పదకొండేళ్ళూ నేను వాళ్ళకి మద్రాసీ సాబ్‌నే. కోపం వస్తే పరదేసియా, అంటే బయటి నుంచి వచ్చి పడ్డవాణ్ణి. నా హిందీకి నవ్వేవాళ్ళు. నా రంగుకీ నవ్వేవాళ్ళు. నేనూ వాళ్ళతోపాటు నవ్వేవాణ్ణి. ఇంటికొచ్చి మా ఆవిడ మీద విసుక్కునేవాణ్ణి.

అలాంటి చోటికి జోసెఫ్ వచ్చాడు. జాంబియా నుంచి, ఆరు నెలల ట్రైనింగుకి. అక్కడి రైల్వేలో అతనూ ఇంజనీరే. వాళ్ళ ఊరి చక్రాల వర్క్‌షాపుకి అప్పటిదాకా ఇన్‌ఛార్జిగా ఉన్నవాళ్ళంతా వేరే దేశాలవాళ్ళేనట. ఈ ట్రైనింగు పూర్తిచేసి సర్టిఫికెట్ తీసుకెళ్తే ఆ కుర్చీ అతనిది. ఆ కుర్చీలో కూర్చునే మొదటి స్థానికుడు తనేనని చెప్పేటప్పుడు అతని గొంతు మారిపోయేది. ఆ మాట నాకు ఒకసారి కాదు, పదిసార్లు చెప్పాడు. కాబట్టి నేను ఏం పాడుచేస్తున్నానో నాకు తెలియదని అనడానికి వీల్లేదు.

అతన్ని నాకు అప్పగించారు. నిజం చెప్పనా? అతన్ని చూడగానే నాకు హాయిగా అనిపించింది. షెడ్డులో ఇక నాకంటే నల్లనివాడు ఉన్నాడు. నాకంటే దూరం నుంచి వచ్చినవాడు ఉన్నాడు. ఛీ, ఎంత నీచమైన హాయి! అతన్ని వెనక నుంచి హబ్షీ అని పిలిచి నవ్వుతుంటే నేను వద్దనలేదు. ఇన్నాళ్ళకి ఆ నవ్వు నా మీది నుంచి పక్కకి జరిగింది కదా, నేనెందుకు అడ్డుపడాలి?

ఆదివారాలు మా క్వార్టర్‌కి భోజనానికి వచ్చేవాడు. మా ఆవిడ పెట్టిన చేపల పులుసు ముక్కు కారుతున్నా వదిలేవాడు కాదు. ఒకసారి అలా తింటూ అన్నాడు: "మీ మిస్త్రీ పొరపాటు చేస్తే అతనికి ఒంట్లో బాగాలేదంటారు. నేను చేస్తే మా దేశమే అంత అంటారు. అందుకని నేను పొరపాటే చెయ్యకూడదు. దాంతో రోజూ అలసిపోతున్నాను." నేను తలూపాను. అది నా బతుకే. నేను ఎప్పుడూ పైకి అనలేకపోయిన మాటని అతను అన్నం కలుపుకుంటూ అనేశాడు. ఆ క్షణంలో అతన్ని అన్నా అని పిలవాలనిపించింది. పిలవలేదు.

ఇక అసలు సంగతి. సెప్టెంబరులో విశ్వకర్మ పూజ. ఆ రోజు షెడ్డులో పనిముట్టు ముట్టరు. ముందురోజు సాయంత్రమే మెషీన్లు కడిగి, బొట్లు పెట్టి, దండలు వేస్తారు. ఆ తర్వాత పూజ ముగిసి మర్నాడు పనిలోకి దిగేదాకా స్పానర్ కూడా కదలదు. మెషీన్‌కి అది విశ్రాంతి రోజు. ఆ రోజు దాన్ని నడిపితే ఏడాదిలోగా అది ఎవరి చెయ్యో తీసుకుంటుందని వాళ్ళ నమ్మకం. మా మిస్త్రీ సాహూకి ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. ఆ నమ్మకాన్ని నవ్వులాటగా తీసుకునే మనిషి షెడ్డులో లేడు.

పూజకి ముందురోజు మధ్యాహ్నం పెద్దసాబ్ తనిఖీకి వచ్చాడు. ఒక చక్రాల జత నా సంతకంతో సిద్ధంగా ఉంది. నేను కొలవలేదు. సాహూ సరే అన్నాడంటే సంతకం పెట్టేయడం మా అలవాటు, అందరం అంతే. జోసెఫ్ ఊరికే ఉండక గేజ్ పెట్టి చూశాడు. రెండు చక్రాల కొలత కలవలేదు. "ఇది సరిగ్గా లేదు సార్" అన్నాడు, పెద్దసాబ్ ముందే. అతను నన్ను ఇరికించాలని అనలేదు. కొలత తేడాగా ఉంది కాబట్టి ఉందన్నాడు, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. వీడా? వీడా నా తప్పు పట్టేది?

సాయంత్రం అందరూ మెషీన్లు కడుగుతున్నప్పుడు నా దగ్గరికి వచ్చాడు. "రేపు పూజ అంటున్నారు. మీకు మాట రాకుండా, తెల్లారే వచ్చి ఆ జత నేను సరిచేసెయ్యనా?" అన్నాడు.

"చెయ్యి. పూజ పదింటికి కదా" అన్నాను.

మరిచిపోయి అన్నానని నాకు నేనే చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. ఒళ్ళు మండి, ఆలోచించకుండా అన్నానని ఇంకొన్నేళ్ళు. అబ్బే, అవేవీ కావు. చెయ్యి అన్నప్పుడు నాకు ఎదురుగా దండ వేసిన లేత్ కనిపిస్తూనే ఉంది. రేపేం జరుగుతుందో తెలుసు. ఎంత దాకా వెళ్తుందో తెలియదు, అంతే.

మర్నాడు నేను వెళ్ళేసరికి షెడ్డు గేటు దగ్గరే లేత్ చప్పుడు వినిపించింది. తలస్నానాలు చేసి, కొత్త బట్టలు కట్టుకుని, చెప్పులు బయట విడిచి వచ్చిన మనుషులు ఆ చప్పుడు వింటూ నిలబడిపోయారు. లోపల జోసెఫ్ ఒక్కడే. దండలు తీసి, నలగకుండా ఒక శుభ్రమైన గుడ్డ మీద వరుసగా పెట్టాడు. పని దాదాపు అయిపోయింది. మమ్మల్ని చూసి నవ్వాడు.

ఆ తర్వాత అరుపులు. ఎవరో స్విచ్ ఆపేశారు. ఎవరో అతని చొక్కా పట్టుకున్నారు. సాహూ వాళ్ళని ఆపి, నా వైపు తిరిగి హిందీలో అడిగాడు: "సాబ్, ఆప్ బతాయే నహీ థే క్యా?" మీరు చెప్పలేదా అని.

అందరూ నా వైపే చూశారు. పదకొండేళ్ళలో ఎప్పుడూ వాళ్ళందరూ ఒక్కసారిగా నా మాట కోసం ఆగలేదు.

"బతాయా థా. మానా నహీ" అన్నాను. చెప్పాను, వినలేదు.

మూడు నెలల్లో జోసెఫ్‌కి ఆ మాత్రం హిందీ వచ్చేసింది. నా వైపు చూశాడు. నన్ను కాదనలేదు, వాదించలేదు. వాదిస్తే ఎవరు నమ్ముతారో అతనికి నాకంటే బాగా తెలుసు.

సాహూ నా భుజం మీద చెయ్యి వేశాడు. "సాబ్ తో అప్నే ఆద్మీ హైఁ" అన్నాడు. సాబ్ మనవాడే అని! ఆ రోజు ప్రసాదం మొదట నా చేతిలోనే పెట్టారు. తిన్నాను. తియ్యగానే ఉంది. ఆ రోజు నాకు సంతోషం కూడా కలిగిందని మీతో కాక ఇంకెవరితో చెప్పగలను?

పెద్దసాబ్ నన్నే రిపోర్టు రాయమన్నాడు. చెప్పిన మాట వినడు, ఇక్కడివాళ్ళ పద్ధతులంటే గౌరవం లేదు అని రాశాను. ట్రైనింగు మధ్యలోనే ఆపేసి పంపించేశారు, సర్టిఫికెట్ లేకుండా. ఇంట్లోనూ అదే అబద్ధం చెప్పాను. మా ఆవిడ గరిట పట్టుకుని నిలబడిపోయింది. "ఏటండీ, ఆయన సెప్పిన మాట ఇనకపోడమేటి? నాను నమ్మనండి" అంది. నీకేం తెలుసని ఆవిడ మీద అరిచాను.

వెళ్ళే రోజు జోసెఫ్ షెడ్డుకే వచ్చి వీడ్కోలు తీసుకున్నాడు. నా టేబుల్ దగ్గరికి వచ్చి, కూర్చోకుండా అడిగాడు.

"మీకు ఇక్కడ ఎన్నేళ్ళయింది?"

"పదకొండు."

"పదకొండేళ్ళా? ఇంకా ఇంత భయమా?"

అంతే. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేనూ తిట్టేవాణ్ణి, లెక్క సరిపోయేది.

ఇక్కడితో ఆగినా కొంత నయం. నాలుగు నెలల తర్వాత జోసెఫ్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందట. జరిగింది జరిగినట్టు వాళ్ళ ఆఫీసుకి నేను నాలుగు ముక్కలు రాస్తే చాలట, నెలాఖరు దాకా ఆగుతామన్నారట. మీ ఆవిడ చేపల పులుసుని అడిగానని చెప్పండి అని చివర్లో ఒక వేళాకోళం. నాలుగు ముక్కలు! కాగితం తీశాను. నిజం రాస్తే షెడ్డుకి తెలుస్తుందేమో, సాహూ మళ్ళీ నన్ను పరదేసియా అంటాడేమో, ప్రమోషన్ ఆగుతుందేమో. కాగితం లోపల పెట్టేశాను. ఆ నెలంతా గోడమీది క్యాలెండర్ చూస్తూ గడిపాను. ఒకటో తారీఖు వచ్చాక, ఇక రాసినా లాభం లేదు కదా అని ఊపిరి పీల్చుకున్నాను. పూజనాటి అబద్ధానికి కోపాన్ని సాకు చూపించవచ్చు. ఈ నెల రోజులకి ఏ సాకు చూపించను?

ఆ కుర్చీలో చివరికి ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఎన్నడూ ప్రయత్నించలేదు. సాహూ పోయాడు. నేను అదే షెడ్డులో వాళ్ళ మనిషిగానే రిటైరయ్యాను. వీడ్కోలు సభలో నన్ను తమవాడని చెప్పడానికి ఒకరి తర్వాత ఒకరు ఆ పూజనాటి కథే చెప్పారు. దండ మెడలో వేసుకుని కూర్చుని విన్నాను. అప్పుడైనా లేచి నిలబడొచ్చు కదా? లేవలేదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించడం మీ చేతుల్లో లేదు. సాహూ అడిగిన ప్రశ్నకి సరైన జవాబు ఒకటి ఉంది, అది ఇంతవరకు ఎవరి చెవినా పడలేదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను.

నేను చెప్పలేదు. అతను అడిగాడు. నేను చెయ్యమన్నాను.