ఎండుటాకుల మీద నడక

మా ఆయన సైన్యం నుంచి రిటైరై వచ్చాక మట్టి మీద కాలు పెట్టడం మానేశాడు. చెబితే నవ్వుతారు. క్వార్టరు గడప దిగితే సిమెంటు బాట, అది దాటితే తారు రోడ్డు, వాటి మీదే డ్యూటీకి వెళ్ళి వస్తాడు. కిరందుల్‌లో ఇనుప గనుల కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ పని. పెరట్లో నేను వేసిన వంగ మొక్కలకు కూడా మెట్టు మీద నిలబడే పైపుతో నీళ్ళు కొడతాడు. ఆకులు రాలే కాలం వస్తే మరీ కష్టం. గాలికి రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన ఎండుటాకును చూసినా పక్కకు తప్పుకుని పోతాడు.

కారణం నాకు ఒక్కసారే చెప్పాడు. ఎక్కడో ఉత్తరాది సరిహద్దు కొండల్లో గస్తీ. ముందువాడు అడుగు తీసిన చోటే వెనకవాడు అడుగు వేయాలి, అది వాళ్ళ పద్ధతి. ఈయన వరుసలో రెండోవాడు. ముందువాడు రాలిన ఆకుల మీద కాలు పెట్టాడు. కింద మందుపాతర ఉంది. అంతవరకు చెప్పి అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు.

అది ఎక్కడో జరిగిందిలే, ఇక్కడ ఏం భయం అని ధైర్యం చెబుదామంటే మేముండేది బస్తర్‌లో. రోడ్డు పక్కన ఏదో దొరికిందట, అడవికి పోయిన మనిషికి కాలు పోయిందట, ఇలాంటి మాటలు వింటూనే ఉంటాం. నక్సలైట్ల గొడవ ఇప్పుడు తగ్గిందంటున్నారు. తగ్గిందంటే లేదని కాదుగా! పైకి ఆయన్ని గద్దిస్తాను గానీ లోపల నాకూ భయమే. కిందటేడు సొంతూరు గొల్లపల్లిలో వాళ్ళ అన్న వరికోతకు పిలిస్తే వెళ్ళి కూడా ఈయన రోడ్డు దిగలేదు. వదిన అన్నం రోడ్డు మీదికే మోసుకొచ్చి పెట్టింది. పుట్టి పెరిగిన చేనును దూరం నుంచి చూస్తూ తిన్నాడు. ఆ రోజు నాకు ఏడుపు ఆగలేదు.

మాజీ సైనికుల కోసం అడవిలో పాటల, కవితల కార్యక్రమం అని కబురు వస్తే నేనే పోరుపెట్టి తీసుకెళ్ళాను. తోంగ్‌పాల్ దాటాక, రోడ్డుకు కొంచెం లోపల, ఇప్పచెట్ల కింద. అందరూ కలిసి పాడాలి, అడవిని విని తలా రెండు మాటలు కవిత కట్టాలి. మనసు తేలికపడుతుందట. కవితల మీద నాకంత నమ్మకం లేదు. పాట వినబడితేనైనా మనిషి రోడ్డు దిగుతాడని ఆశ. అక్కడా దిగకపోతే ఈ జన్మకు ఇక దిగడని భయం.

మేం జీపు దిగేసరికి మిగతావాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి ఊరివాళ్ళు చెట్టు కింద ఆకులు కాల్చి నేల శుభ్రం చేసుకున్నారు. అక్కడ కూర్చుని ఎవరో హార్మోనియం వాయిస్తున్నారు. కానీ అక్కడికీ రోడ్డుకూ మధ్య నేలే కనబడకుండా ఎండుటాకులు. జగదల్‌పూర్ నుంచి వచ్చిన పాటల టీచరమ్మ ఎదురొచ్చింది. మంచి మనిషే.

"చెప్పులు విప్పండి భాయిసాబ్. కళ్ళు మూసుకుని ఆకుల మీద నడవండి. అదే మన మొదటి సంగీతం" అంది హిందీలో.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరికి చెబుతోంది ఈవిడ ఆ మాట! ఈయన తారు అంచున బిగుసుకుపోయి నిలబడ్డాడు. ఆవిడ మీద కోపం ఎందుకో ఈయన మీదికి తిరిగింది. "ఏముంది చూడండి ఇక్కడ!" అంటూ చరచరా ఆకుల్లోకి దిగి నడిచాను.

"ఏయ్! ఆగు!" అన్నాడు మా ఆయన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "కదలకు. ఉన్నకాడ్నే నిలబడు."

నిలబడిపోయాను. హార్మోనియం ఆగింది. నా పాదాల కింద ఏముందో కనబడటం లేదు. ఆకులే. మరి ఆకుల కింద? ఇంతమంది ఇందాకే నడిచి వెళ్ళిన నేల అని తెలుసు. అయినా రెండో అడుగు వేయలేకపోయాను. ఈయన రోజూ పడుతున్నది ఇదా అనిపించింది.

వెనక ఆకుల చప్పుడు. ఒక్కో అడుగూ ఆగి ఆగి వస్తోంది. తిరిగి చూసే ధైర్యం లేదు నాకు. నన్ను దాటి ముందుకొచ్చి నిలబడ్డాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

"నువ్వు ముందట నడుసుడేందే! నా ఎనక రా. నేను కాలు తీసిన కాడ్నే కాలు పెట్టు."

అలాగే పెట్టాను. చెట్టు కిందికి చేరేదాకా ఆయన మడమలు తప్ప ఇంకేమీ చూడలేదు.

పాటలు పాడారు. ఏం పాడారో నా తలకెక్కలేదు. కవిత వంతు ఈయనదాకా వచ్చినప్పుడు, తల ఎత్తకుండా తెలుగులోనే చెప్పాడు.

"ఆకు మీద కాలేసిన. ఆకే ఇరిగింది."

టీచరమ్మ అడిగితే నేను హిందీలో చెప్పాను. ఆవిడ వాహ్ అని చప్పట్లు కొట్టింది. మిగతా ఫౌజీలెవరూ కొట్టలేదు. అందరూ నేలవైపు చూస్తూ ఉండిపోయారు.

కార్యక్రమం అయిపోయింది. రోడ్డుదాకా మళ్ళీ ఆ ఆకుల మీదే నడవాలి. "పద" అంటూ ఆయన లేచి నా ముందు నిలబడ్డాడు. రోడ్డు దిగమని ఇన్నాళ్ళూ పోరింది నేనే. ఇప్పుడు ఆయన కాలు ఎత్తబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాలనిపించింది. ఈసారి వరుసలో రెండోదాన్ని నేను.