టీవీలో అమ్మిన తుపాకి

మా టీవీ సీరియల్‌లో ఎవరు చచ్చిపోయినా చప్పుడు కాకుండా చచ్చిపోతారు. ప్రకటన రాగానే మాత్రం ఇల్లు అదిరిపోతుంది. నిన్న ఒకావిడ దోసెల పెనం అమ్ముతూ “త్వరపడండి, కొన్నే మిగిలాయి” అని అరిచింది. రిమోట్ వెతుక్కుంటూనే నేను మనసులో ఒకప్పటి అల్ వక్రా కూలీల క్యాంప్‌కి వెళ్ళిపోయాను.

ప్రపంచకప్ కోసం ఖతార్ అంతా తవ్విపోసి ఉన్న రోజులవి. కంపెనీలో నేను స్టోర్ గుమస్తాని. డిగ్రీ చదివినందుకు ఏసీ గదీ, క్యాంప్‌లో అందరి ఇంగ్లీషు పనులూ నాకే దక్కాయి. హాల్లో టీవీకి ఎవరో పెద్ద డిష్ తగిలించారు. అందులో అమెరికా వాళ్ళ అమ్మకాల ఛానల్ ఒకటి వచ్చేది. ఒక పెద్దమనిషి పట్టుచీర అంచు చూపించినట్టు తుపాకిని అటూ ఇటూ తిప్పి చూపించేవాడు. ఫోన్ చేస్తే ఇంటికే పంపుతారట. గులాబీ రంగులోనూ ఉందట. తోలు సంచి ఉచితం. శుక్రవారం మధ్యాహ్నం పప్పుచారు తిని, మేము దాన్ని హాస్య కార్యక్రమంలా చూసేవాళ్ళం.

నవ్వనివాడు ఒక్కడే. నిర్మల్ వైపు నుంచి వచ్చి కడ్డీలు కట్టే పని చేసేవాడు. వరస కలుపుకొని బావా అనేవాణ్ణి. ఊళ్ళో అతని భార్య, అంటే నాకు అక్క, ఒంటరిగా మక్కచేను చూసుకునేది. కోతులూ అడవిపందులూ కలిసి పంట నిలవనిచ్చేవి కావు. బావ సెలవు మీద పోయేవాడి చేతికి తన డ్యూటీ కోటు, హెల్మెట్ ఇచ్చి దిష్టిబొమ్మకు తొడిగించాడు. కోతులు కొన్నాళ్ళు మర్యాద పాటించి, ఆ తర్వాత దాని భుజం మీదే కూర్చొని కంకులు ఒలుచుకున్నాయట. ఈ పంటా పోతే చేను వదిలేసి పుట్టింటికి పోతానని అక్క తేల్చేసింది. ఇటు కంపెనీ, పోటీలు అయ్యేదాకా ఉంటావో ఇప్పుడే పోతావో చెప్పమంది. పోతే మళ్ళీ పిలవరు.

“ఫోన్ చెయ్యి బామ్మర్దీ. గా బొమ్మతోని ఏం గాలే. ఇది పంపిస్త,” అన్నాడు బావ, టీవీలో తుపాకిని చూపిస్తూ.

“అరె భాయ్, పోస్ట్‌మ్యాన్ ముంగట వస్తె పోలీసోడు ఎనకనే వస్తడు. తుపాకి గికి మాఫీ, చాయ్ తాగు,” అన్నాడు మా హైదరాబాద్ డ్రైవర్ భాయ్, లేదనడానికి అరబ్బీ ‘మాఫీ’ కలిపి.

బావ ముఖం చూసి కాదనలేకపోయాను. ఫోనెత్తినావిడ ఎంతో మర్యాదగా చిరునామా అడిగింది. ఊరూ, మండలమూ, హనుమాన్ గుడి పక్క సందూ చెప్పాను. అది అమెరికాలో ఏ రాష్ట్రమని అడిగింది. తెలంగాణ అన్నాను. అక్కడికి పంపలేమని చెప్పింది. గులాబీ రంగుదైనా పంపరేమో అడగమన్నాడు భాయ్. అడగలేదు.

బావ అక్కడే కూర్చొని అక్కకు వీడియో కాల్ చేశాడు. ఆమె చేలోనే ఉంది. కొంగు తలకు చుట్టుకుంది, చేతిలో రాళ్ళు విసిరే వడిసెల. ఎండకు కళ్ళు చికిలించి చూస్తోంది.

“ఇయ్యాల దొరకలే. ఎట్లన్న జేసి తుపాకి పంపిస్త. అది ఇంట్ల ఉంటె నేనున్నట్టే. నువ్వు మాత్రం పోకు,” అన్నాడు బావ.

హాల్లో ఎవరో టీవీ గొంతు తగ్గించారు. మేము కట్టిన స్టేడియంలో ఏ మెట్లు ఎవరు కట్టారో కాలం నాలోంచి ఎప్పుడో చెరిపేసింది. అప్పుడు ఫోన్‌లో అక్క అన్న మాటని మాత్రం ముట్టుకోలేదు.

“గట్లయితె ఇగ నువ్వెందుకు?”