కరెంటుకి ఉల్టా సీదా

ఈ రోజు కిరండూల్ బజారులో నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చాక భయం పట్టుకుంది.

చిన్నప్పుడు నేనూ తమ్ముడూ టీవీకి తగిలించి ఆడుకున్న పాత కంప్యూటర్ ఒకటి మా ఇంట్లో ఉంది. కీబోర్డులోనే యంత్రమంతా ఉంటుంది. మాట పట్టింపుతో ఇన్నాళ్లూ నాతో మాట్లాడని తమ్ముడు, మొన్న నగర్‌నార్ నుంచి ఫోన్ చేసి, "అది ఇంకా ఉందా అన్నా? ఆదివారం వస్తా" అన్నాడు. అటక మీంచి దించి చూస్తే అడాప్టర్ పాడైపోయి ఉంది.

కంప్యూటర్‌ని చంకన పెట్టుకుని మొబైల్ దుకాణానికి వెళ్లాను. యజమానిది గొల్లపల్లి వైపు, తెలుగువాడే. సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ ఒకటి తీసి, వోల్టులు సరిపోయాయంటూ, నేను వద్దనేలోపే స్విచ్ వేసి గుచ్చేశాడు. మా కంప్యూటర్ పిన్నుకి ప్లస్సు, మైనస్సు తిరగేసి ఉంటాయి. చటుక్కున లాగేసి అరిచాను.

"ఏంది సార్, పిన్ను పట్టింది గదా! కరెంటుకి ఉల్టా సీదా ఏందుంటది?" అన్నాడు.

ఎటు తిప్పి పెట్టినా ఎక్కే ఫోన్ చార్జర్లు అమ్మేవాడు మరి! విషయం చెప్పాక, పాపం, తీగలు కోసి అటుదిటు మార్చి అతికించి ఇచ్చాడు.

ఇప్పుడు సరైన అడాప్టర్ బల్ల మీదే ఉంది. లోపల ఏమైనా కాలిందేమో స్విచ్ వేస్తే తెలుస్తుంది. వేయలేదు. ఇందాక తమ్ముడు ఫోన్ చేసి, "వెలిగిందా అన్నా?" అని అడిగాడు.

"నువ్వొచ్చాక చూద్దామని ఆగాను" అన్నాను. వాడు ఎంత సంబరపడ్డాడో!

మీరే చెప్పండి. అది వెలగకపోతే, వాడు టీ తాగేదాకా అయినా కూర్చుంటాడంటారా?