పెడల్‌లో పసుపు మరక

2023లో, విశ్వకర్మ పూజ అయిన రెండో వారం. జంషెడ్‌పూర్ జుగ్సలాయిలో నాది ఆంప్లిఫయర్లు, మైకులు, గిటార్ సామాన్లు బాగుచేసే చిన్న షాపు. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ కొలిమి పనిలో చేరాడు. నేను సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నాను. నేను బాగుచేసిన వస్తువు తిరిగొచ్చిందంటే తప్పు వాడినవాళ్లదే అని గట్టిగా నమ్మే రోజులవి.

సుజాతది ఇదే ఊళ్లో కద్మా పేట. పగలు స్కూల్లో గుమస్తా, శని ఆదివారాలు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బాస్ గిటార్ వాయిస్తుంది. కాలితో నొక్కితే గిటార్ శబ్దాన్ని మార్చే ఇనప డబ్బాని ఎఫెక్ట్స్ పెడల్ అంటారు. పూజకి ముందు తన పెడల్ స్విచ్ మార్చమని ఇస్తే, మార్చి పూజ మర్నాడు ఇచ్చాను. నాలుగు రోజులకే తిరిగి తెచ్చింది.

“మాస్టారూ, మీరిచ్చిన కాణ్ణించీ బుర్రుమంటంది. పాట ఆపినా ఆ మోత ఆగట్లేదు.”

“ఏటి మోత? నా బల్ల మీద చూడు, కిక్కురుమనట్లేదు. నీ కేబులే పోయుంటాది.”

పాపం, కొత్త కేబుల్ కొంది. మళ్లీ వచ్చింది. అడాప్టర్ మార్చమన్నాను, అదీ మార్చింది. మూడోసారి వచ్చినప్పుడు కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“రేపు రిహార్సల్లో ఈ మోత వత్తే నా ప్లేసులో ఇంకొకర్ని పెడతారంట. దసరా ప్రోగ్రాములన్నీ పోతాయి. ఆడోళ్లకి వైర్లేటి తెలుత్తాయని మిశ్రాజీ అందరి ముందరా అన్నారు.”

మిశ్రాజీ అంటే వాళ్ల ఆర్కెస్ట్రా యజమాని. ఆ మాట నాకు గుచ్చుకుంది. వారం రోజులుగా నేనంటున్నదీ ఇంచుమించు అదే కదా.

“స్టేజీ మీద ఎలా తొక్కుతావో అలాగే తొక్కమ్మా” అని పెడల్ నేల మీద పెట్టాను. రెండోసారి తొక్కగానే బుర్రుమంది. అన్నాళ్లూ నేను దాన్ని బల్ల మీద కదలకుండా పెట్టి చూశాను తప్ప తొక్కి చూసింది లేదు.

కేబుల్ దూర్చే కన్నం పేరు జాక్. అందులో ఒక రేకు గిటార్ శబ్దాన్ని తెస్తుంది. రెండోది గ్రౌండ్, చుట్టుపక్కల కరెంటు మోతని శబ్దంలో కలవకుండా ఆపేది. అది అంటీ అంటనట్టుంటే బుర్రుమంటుంది. మూత విప్పి భూతద్దం పెట్టి చూస్తే ఆ రెండో రేకు మీద మరక ఉంది. తుప్పనుకుని స్పిరిట్ దూదితో తుడిచాను. దూది పసుప్పచ్చగా అయింది.

పూజ రోజు షాపులో ఉన్న ప్రతి వస్తువుకీ బొట్టు పెట్టి, మామిడాకుతో పసుపు నీళ్లు చల్లడం మా నాన్న దగ్గర నేర్చుకున్న అలవాటు. ఆ రోజు ఈ పెడల్ అరలో కన్నం పైకి ఉండేట్టు నిలబెట్టి ఉంది. నేను పెట్టిన కుంకం బొట్టు మూత మీద ఇంకా ఉంది.

“దీన్ని తుడవలేదేటమ్మా?”

“మీరు పూజ చేసి పెట్టారు కదా, తుడవబుద్ధి కాలేదు.”

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. జాక్ కొత్తది వేశాను.

మర్నాడు షాపు మూసి ఆమెతో పాటు రిహార్సల్‌కి వెళ్లి, అందరి ముందరా మిశ్రాజీతో చెప్పాను: “గల్తీ ఇన్‌కీ నహీ, మేరీ హై.” తప్పు ఈవిడది కాదు, నాదేనని. పసుపు నీళ్ల సంగతి చెబితే కీబోర్డు వాయించేవాడు నవ్వాడు. మిశ్రాజీ నవ్వలేదు. “బజావ్” అని సుజాతని వాయించమన్నాడు. నాలుగుసార్లు గట్టిగా తొక్కింది. ఏ మోతా లేదు. అప్పుడు తీగ మీటితే మా కింద ఇనప కుర్చీలు అదిరాయి. దసరా ప్రోగ్రాములు ఆమెవే అయ్యాయి. మిశ్రాజీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు గానీ, లేచి తన కుర్చీ ఆమెకి వేశాడు.

ఇప్పుడు ఏ వస్తువు తిరిగొచ్చినా ముందు నా చేతినే అనుమానిస్తాను. పూజ రోజు గిరాకీల సామాను మీద దుప్పటి కప్పి, బొట్లు నా పనిముట్లకే పెడుతున్నాను.

పోయినేడు పూజ పొద్దున్నే సుజాత వచ్చి సంచీలోంచి ఆ పెడల్ తీసింది.

“దీనికీ పెట్టండి మాస్టారూ. పసుపు నీళ్లు కూడా చల్లండి.”

అని, జాక్ కన్నానికి బొటనవేలు అడ్డం పెట్టి పట్టుకుంది.