గోడ మీంచి తీసిన ఫొటో

మా బాబాయి పందెం షాపుల లైసెన్సు ఇన్‌స్పెక్టరు. గుర్రప్పందేలు కట్టించుకునే దుకాణాలన్నీ ఏడాదికోసారి ఆయన సంతకం కోసం కాచుకునేవి. ఆయన ఒక్కచోట కూడా టీ నీళ్లు ముట్టేవాడు కాదు. ఇంట్లో ఆ నిక్కచ్చితనంతోనే మా ప్రాణాలు తోడేసేవాడు. బీరువా తాళం వేరే మేకుకి తగిలిస్తే ఆ పూట అన్నం మానేసేవాడు, మా ఖర్మ!

లైసెన్సు రూల్సులో ఒకటుంది. పందెం మానలేక నలిగిపోయే మనిషి తనంతట తనే ఆఫీసుకు వచ్చి, నన్ను లోపలికి రానివ్వకండి అని రాసి, ఫొటో ఇవ్వొచ్చు. షాపువాళ్లు దాన్ని కౌంటరు వెనక గోడకి అంటించాలి. ఆ మనిషిని రానిచ్చారో, లైసెన్సు రద్దు. ఫొటో మూడేళ్లు చెల్లుతుంది. గడువు తీరాక ముందు అతనికి ఉత్తరం పంపాలి, నెల రోజులు ఆగాలి, అప్పుడే తీయాలి.

బస్టాండు పక్క షాపులో ఒక టైలరు ఫొటో ఉండేది. మెడలో టేపుతోనే దిగాడు. ఒక శుక్రవారం తనిఖీకి వెళ్లిన బాబాయి దాని మీది తారీఖు చూశాడు. మూడేళ్లు దాటి రెండు రోజులైంది. గడువు తీరిన కాగితం కనిపిస్తే ఆయనకి ఒళ్లు మంట. అక్కడికక్కడే గోటితో గీకి తీసేసి ఫైల్లో పెట్టుకున్నాడు. ఉత్తరం సోమవారం పంపుదాంలే అనుకున్నాడు.

శనివారం టైలరు షాపులోకి వెళ్లాడు. ఎవరూ ఆపలేదు. సాయంత్రానికి కుట్టుమిషను కూడా అమ్మేసి ఆడాడు. ఆదివారం నదిలో శవమై తేలాడు.

ఆ తర్వాత బాబాయి మళ్లీ మనిషి కాలేదు. తప్పు తనదేనని తనే రాసిచ్చాడు. ఆఫీసువాళ్లు ఒక మెమో ఇచ్చి ఊరుకున్నారు. ఆయనకి అది చాలలేదు. నడిబజారులో నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "వాడేనే, నన్నే చూస్తున్నాడు" అనేవాడు.

"నీ మొహం! ఆయన బట్టల కొట్టు గుమాస్తా, బాబాయ్" అని కసిరేదాన్ని. కసిరానే గానీ, నేనూ ఒకసారి వెనక్కి తిరిగి చూసేదాన్ని.

"ఆ టైలరు భార్య వచ్చి నా చొక్కా పట్టుకుని కడిగేస్తే బాగుండునే" అనేవాడు. మూడుసార్లు ఆమె గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. చివరికి నాకే ఒళ్లు మండింది. "రోజూ ఇలా చస్తూ బతుకుతావా? పద" అని లాక్కెళ్లాను.

ఒకటే గది. సగం కుట్టిన చొక్కాలు దండెం మీద వేలాడుతున్నాయి. ఆవిడ స్టూలు వేసింది. బాబాయి కూర్చోలేదు.

"అమ్మా, ఆ ఫొటో తీసింది నేనే. తీయకూడదు. తీశాను."

తిడుతుందని, కనీసం ఏడుస్తుందని ఎదురుచూశాను. ఆవిడ దండెం మీది చొక్కా ఒకటి తీసి మడతపెట్టింది.

"కుట్టు కొట్టుకి పోతూ రోజూ ఆ పందెం షాపు అద్దంలోంచి తన ఫొటో చూసుకునేవాడు, అన్నయ్యగారూ. ఆ శనివారం పొద్దున పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాడు. 'ఫొటో తీసేశారే! నేను బాగుపడ్డానని ఆఫీసువాళ్లకి తెలిసిపోయింది' అని ఒకటే సంబరం. నన్నూ తీసుకెళ్లి చూపించాడు. నిజంగానే లేదు. లోపలికి వెళ్లనన్నాడు. భయమేస్తోందన్నాడు. నేనే నవ్వి, 'ఒక్కసారి వెళ్లి రా, ఆపుతారో లేదో చూద్దాం' అని వీపు మీద చెయ్యేసి తోశాను."