గుంతలో నానుతున్న సున్నం

"మేస్త్రీ పోయినాడు టీచరమ్మా" అని ఆళ్లగడ్డ నుంచి ఆయన భార్య ఫోను చేసింది. పోయిన వారం సంగతి ఇది. ఏడుపు కంటే ముందు నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఆరేళ్లుగా ఆ మనిషికి నేను ముఖం చూపించలేదు.

నంద్యాలలో నేను చదువు చెప్పిన బడి పాత మిషన్ బంగళాలో నడిచేది. సముద్రం దాటి వచ్చిన దొరలు కట్టించుకున్న ఇల్లది. మూరెడు మందం గోడలు, చుట్టూ వరండా, హాల్లో చలిమంట గూడు. మన ఎండల్లో చలిమంట ఏమిటని అడిగితే, బంగళా మరమ్మతులు చూసే మేస్త్రీ నవ్వేవాడు.

"దొరసానికి వాళ్లూరు గుర్తుకొచ్చింటాది. కట్టినోళ్లు మావోళ్లే, బెంగ మాత్రం ఆయమ్మది."

ఎవరూ మంట వెయ్యని ఆ గూటిని ఏటా వేసవి సెలవుల్లో వచ్చి శుభ్రం చేసిపోయేవాడు.

పనిలో మహా నిదానం. సున్నం నెలల తరబడి నీళ్లలో నానాలి, గానుగలో నలగాలి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలవాలి. ఇంత సున్నం వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇంకా కాలేదు" అని బస్సెక్కేసేవాడు. మాకు ఒళ్లు మండేది.

ఆరేళ్ల కిందట పడమటి గోడ చెమ్మ పట్టింది. సిమెంటు పూయిద్దామని బడి కమిటీ కూర్చుంది. మేస్త్రీ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"వద్దప్పా. సిమెంటు పూస్తే గోడకు ఊపిరాడదు. తేమ లోపల్నే కుళ్తాది. నాకు నాలుగు నెల్లు ఇయ్యండి."

బడి తెరవాలన్న తొందరలో సిమెంటుకే చెయ్యెత్తాం. ఎత్తినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

"నువ్వు గూడానా టీచరమ్మా" అన్నాడు. ఆ పూట బస్సెక్కినవాడు మళ్లీ బడికి రాలేదు.

పోయిన వానల్లో ఆ గోడ కప్పుతో సహా కూలింది. ఆదివారం కాబట్టి పిల్లలు బతికిపోయారు. మీరు ఆ దారిన పోతే మిగిలిన మూడు గోడలు కనిపిస్తాయి. వాటినీ పడగొట్టాలని కమిటీ తీర్మానించింది. మేస్త్రీని ఒక్కసారి పిలుద్దామని నా నోటిదాకా వచ్చింది. ఏ ముఖంతో పిలిచేదని మింగేశాను.

మేస్త్రీని మట్టి చేసిన మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. ఆమె నన్ను పెరట్లోకి తీసుకుపోయి, ఒక గుంత మీది తడి గోనెపట్ట తొలగించింది. లోపల నీళ్ల కింద తెల్లటి సున్నం, వెన్నలా.

"గోడ పడిందని తెలిసినప్పుడు నానబెట్న్యాడు. మీరొచ్చి పిలుస్తారని దినామూ నీళ్లు పోస్తాండె. ఎండితే పనికిరాదంట. ఇంగ పొయ్యాల్నా, వద్దా?"

అడుగుతూనే ఆమె చెంబుతో నీళ్లు పోసి, గోనెపట్ట మళ్లీ కప్పింది.